‘-వై’ ఇచ్చినా ఇన్‌స్టాలేషన్ ఆగిపోతోందా? ముందు అడుగుతున్నది ఎవరో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పన్నెండు ఉబుంటు 22.04 సర్వర్లు ఉన్నాయి. మీ లాప్‌టాప్‌లోని షెల్ స్క్రిప్టు ఒక్కో సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయ్యే కమాండ్) ద్వారా వెళ్లి, పాత ప్యాకేజీల్ని అప్‌గ్రేడ్ చేసి, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్‌తో పాటు ఇంకో నాలుగు ప్యాకేజీలు ఎక్కించాలి. ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్-గెట్ కమాండ్‌కి -వై (అంటే ‘సరే’) ఇచ్చారు. అయినా మధ్యలో ఊదా రంగు తెర వచ్చి ఎవరో ఎంటర్ నొక్కేదాకా కదలడం లేదు. ఆగకుండా ‘వై’ అని రాస్తూ పోయే ‘యస్’ కమాండ్‌ని ముందు పెట్టి, దాని అవుట్‌పుట్‌ని ఆప్ట్-గెట్‌కి పైప్ చేస్తే ఇన్‌స్టాల్ అయినట్టే కనిపించింది కానీ స్క్రిప్టు 141 అనే ఎగ్జిట్ కోడ్‌తో (మామూలుగా 0 అంటేనే విజయం) చచ్చిపోయింది. రాత్రి నడవనిచ్చి పడుకుంటే తెల్లారేసరికి మూడో సర్వర్ దగ్గరే నిలబడి ఉంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. కమాండ్లని ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. మీ స్క్రిప్టులో వాటి మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగే ఉండాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పేర్లు మాత్రం మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో రాయాలి.

-వై ఇచ్చాక ఇంక ఎవరూ ఏమీ అడగరని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి ఒక్క ఇన్‌స్టాల్ కమాండ్ వెనకాల ప్రశ్నలు అడగగలిగేవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. -వై జవాబు చెప్పేది అందులో ఒక్క ఆప్ట్‌కే, అదీ “ఇన్ని ఎంబీలు దింపుతాను, కానివ్వమంటారా” అనే ప్రశ్నకి. మిగతావాళ్లకి అది వినపడదు. ఒక్కొక్కరికీ జవాబు చెప్పే దారి వేరు. అందుకే ఆగిపోయినప్పుడు నేను ముందు చేసే పని, ఇంకో టెర్మినల్‌లోంచి ఆ సర్వర్‌లోకి వెళ్లి ప్రాసెస్‌ల చెట్టు చూడటం: పీఎస్ -ఈఎఫ్ --ఫారెస్ట్. ఆప్ట్-గెట్ కింద కొమ్మలు దిగుతూ పోతే చివర్లో ఎవరు కూర్చున్నారో తెలిసిపోతుంది. చివర్న విప్‌టెయిల్ (ఆ తెర గీసే ప్రోగ్రాం) ఉండి దాని పైన డెబ్‌కాన్ఫ్ ఫ్రంటెండ్ అనే పెర్ల్ స్క్రిప్టు కనిపిస్తే, అడుగుతున్నది ప్యాకేజీల తరఫున ప్రశ్నలు వేసే డెబ్‌కాన్ఫ్. కొమ్మ డీపీకేజీ (ఆప్ట్ కింద ప్యాకేజీని నిజంగా ఎక్కించే ప్రోగ్రాం) దగ్గరే ఆగిపోతే కాన్ఫిగరేషన్ ఫైల్ గొడవ. నీడ్‌రీస్టార్ట్ పేరు కనిపిస్తే సర్వీసుల్ని రీస్టార్ట్ చేయమంటారా అని అడుగుతోంది. రెండు నిమిషాల పని ఇది. ఇది చేయకుండా వెతికిన ఆప్షన్లన్నీ ఒకేసారి అతికిస్తే, ఏది దేనికి పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇంకా వెనక్కి వెళ్తే మీ కేసులో మొదట అడిగింది సుడో, అంటే కమాండ్‌ని రూట్ (అడ్మిన్) హక్కులతో నడిపేది. పాస్‌వర్డ్ అడగాలంటే టెర్మినల్ కావాలని అది మొరాయిస్తే మీరు ఎస్‌ఎస్‌హెచ్‌కి -టీ ఇచ్చారు. మీరు పంపిన లైన్‌లో అది కనపడుతోంది. ఆ -టీ వల్లే అవతలివైపు అసలు సిసలు టెర్మినల్ తయారైంది, దాంతో డెబ్‌కాన్ఫ్‌కి తెర గీయడానికి చోటు దొరికింది. -టీ తీసేయండి. డిప్లాయ్‌మెంట్ కోసం వేరే యూజర్‌ని పెట్టి, సుడోయర్స్ అనే అనుమతుల ఫైల్‌లో అతనికి పాస్‌వర్డ్ లేకుండా అనుమతి ఇవ్వండి. అయితే ఆప్ట్-గెట్ ఒక్కదానికే ఇచ్చినా అది రూట్ మొత్తం ఇచ్చినట్టేనని గుర్తుంచుకుని ఆ యూజర్ కీని జాగ్రత్తగా దాచుకోండి. స్క్రిప్టులో సుడో -ఎన్ వాడండి: పాస్‌వర్డ్ అవసరం పడితే అడుగుతూ కూర్చోకుండా వెంటనే ఎర్రర్ ఇచ్చి బయటికి వస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి కూడా బ్యాచ్‌మోడ్=యస్ ఇస్తే అదే తీరులో ఉంటుంది. మనిషి లేని చోట ఎదురుచూడటం కన్నా గట్టిగా పడిపోవడమే మేలు.

ఇప్పుడు ఆ ఊదా తెర సంగతి. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు యూజర్‌ని ఏదైనా అడగాలంటే డెబ్‌కాన్ఫ్ ద్వారా అడుగుతాయి. ప్రతి ప్రశ్నకీ ఒక ప్రాధాన్యం ఉంటుంది: లో, మీడియం, హై, క్రిటికల్. మామూలుగా హై, ఆ పైవి మాత్రమే తెరమీదికి వస్తాయి. డెబియన్_ఫ్రంటెండ్ అనే వేరియబుల్‌కి నాన్‌ఇంటరాక్టివ్ అని విలువ ఇస్తే ఏదీ అడగదు. ఇది మీకు తెలుసని, స్క్రిప్టు మొదట్లో ఎక్స్‌పోర్ట్ కూడా చేశారని రాశారు. పనిచేయకపోవడానికి కారణం సుడో. డిఫాల్ట్‌గా సుడో మీ ఎన్విరాన్‌మెంట్‌ని తుడిచేసి కమాండ్ నడుపుతుంది, మీరు ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్ ఆప్ట్-గెట్ దాకా చేరలేదు. దాన్ని సుడో తర్వాత పెట్టండి:

సుడో -ఎన్ ఎన్వ్ డెబియన్_ఫ్రంటెండ్=నాన్‌ఇంటరాక్టివ్ ఆప్ట్-గెట్ -వై ఇన్‌స్టాల్ పోస్ట్‌ఫిక్స్

సుడోయర్స్‌లో కొన్ని కమాండ్లకే అనుమతి ఇచ్చి ఉంటే ఈ ఎన్వ్ అడ్డం పడుతుంది. అలాంటప్పుడు స్క్రిప్టు మొత్తాన్ని ఒకే ఒక్కసారి సుడోతో నడిపి, ఎక్స్‌పోర్ట్‌ని లోపల పెట్టుకోవడం శుభ్రంగా ఉంటుంది. నేను అలాగే చేస్తాను. ఈ వేరియబుల్‌ని /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్‌లో గానీ, డాకర్‌ఫైల్‌లో ఈఎన్‌వీ లైన్‌గా గానీ శాశ్వతంగా పెట్టేయకండి. తర్వాత ఎవరో కూర్చుని చేత్తో ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు కూడా ప్రశ్నలు మాయమైపోతాయి, ఎందుకో వాళ్లకి అంతు చిక్కదు.

చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది, నేను గట్టిగా చెప్పదలుచుకున్నది కూడా అదే. నాన్‌ఇంటరాక్టివ్ అంటే “అన్నిటికీ సరే” అని కాదు. “ప్యాకేజీ తయారుచేసినవాళ్లు డిఫాల్ట్‌గా ఏం పెట్టారో అదే నా జవాబు” అని. ఆ డిఫాల్ట్ మీకు సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. ఖాళీ కంటైనర్‌లో టీజడ్‌డేటా (టైమ్‌జోన్ల ప్యాకేజీ) ఎక్కిస్తే టైమ్‌జోన్ యూటీసీ అవుతుంది. తెల్లవారుజామున రెండింటికి నడవాలని మీరు క్రాన్‌లో పెట్టిన బ్యాకప్ మన టైమ్ ప్రకారం ఉదయం 7:30కి మొదలవుతుంది, సరిగ్గా ఆఫీసులో జనం లాగిన్ అయ్యే వేళకి. మైక్రోసాఫ్ట్ ఫాంట్ల ప్యాకేజీ అయితే లైసెన్స్ ఒప్పుకున్నట్టు ముందే నమోదు చేయకపోతే ఫాంట్లు దిగవు. ఆ తర్వాత పీడీఎఫ్‌లలో అక్షరాలు వేరేగా వస్తున్నాయని ఎవరో ఫిర్యాదు చేసేదాకా మీకు తెలియదు.

కాబట్టి జవాబు ముఖ్యమైన చోట దాన్ని ముందే చెప్పిపెట్టాలి. అందుకోసమే డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్ ఉంది. ఒక్కో లైన్‌లో నాలుగు ముక్కలు: ప్యాకేజీ పేరు, ప్రశ్న పేరు, ప్రశ్న రకం, మీ జవాబు. పోస్ట్‌ఫిక్స్‌కి ఇలా:

పోస్ట్‌ఫిక్స్ పోస్ట్‌ఫిక్స్/మెయిన్_మెయిలర్_టైప్ సెలెక్ట్ ఇంటర్నెట్ సైట్
పోస్ట్‌ఫిక్స్ పోస్ట్‌ఫిక్స్/మెయిల్‌నేమ్ స్ట్రింగ్ మీ డొమైన్ పేరు

ఈ లైన్లని ఎకోతో గానీ ఫైల్‌గా గానీ డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్‌కి అందించి, ఆ తర్వాతే ఇన్‌స్టాల్ నడపాలి. ప్రశ్నల పేర్లు ఎలా తెలుస్తాయంటారా? ఊహించొద్దు. ఒక టెస్ట్ మెషీన్‌లో ప్యాకేజీని చేత్తో ఇన్‌స్టాల్ చేయండి, తెరమీద వచ్చినవాటికి మీకు కావలసిన జవాబులు ఇవ్వండి, తర్వాత డెబ్‌కాన్ఫ్-షో ఆ ప్యాకేజీ పేరుతో నడపండి. ప్రశ్నలు, మీ జవాబులు వరసగా వస్తాయి. డెబ్‌కాన్ఫ్-యూటిల్స్ ప్యాకేజీ ఎక్కిస్తే డెబ్‌కాన్ఫ్-గెట్-సెలెక్షన్స్ వాటిని నేరుగా ఆ నాలుగు ముక్కల రూపంలోనే ఇస్తుంది, కాపీ చేసుకోవడమే. పాస్‌వర్డ్ అడిగే ప్యాకేజీలుంటే ఆ లైన్‌ని గిట్‌లో పెట్టకండి.

టైమ్‌జోన్ మాత్రం ఈ దారికి లొంగదు. టీజడ్‌డేటా కాన్ఫిగర్ అయ్యేటప్పుడు మెషీన్‌లో అప్పటికే ఏ టైమ్‌జోన్ ఉందో చూసుకుని మీరు ముందే చెప్పిన జవాబుని పక్కన పెట్టేస్తుంది. అందుకని ఇన్‌స్టాల్‌కి ముందే /ఈటీసీ/లోకల్‌టైమ్‌ని జోన్‌ఇన్ఫోలోని ఏషియా/కోల్‌కతా ఫైల్‌కి లింక్ చేయండి. చాలాసేపు తల పట్టుకున్నాక తెలుసుకున్న విషయం ఇది, మీకు ఆ సమయం మిగలాలి.

డెబ్‌కాన్ఫ్ నోరు మూశాక కూడా అప్‌గ్రేడ్‌లో ఒకచోట ఆగుతుంది, అక్కడ అడిగేది డీపీకేజీ. ఒక కాన్ఫిగరేషన్ ఫైల్‌ని మీరు మార్చారు, కొత్త వెర్షన్‌లో ప్యాకేజీ కూడా మార్చింది. ఏది ఉంచాలి? ఈ ప్రశ్న డెబ్‌కాన్ఫ్ ద్వారా రాదు కాబట్టి నాన్‌ఇంటరాక్టివ్ దీన్ని ఆపలేదు. ‘యస్’ పైప్ చేయడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది. ఈ ప్రశ్నకి ‘వై’ అంటే “ప్యాకేజీవాళ్ల కొత్త ఫైల్ పెట్టు” అని అర్థం. మీరు నెలల తరబడి సరిచేసుకున్న సెట్టింగులన్నీ ఒక్క అక్షరంతో పక్కకి పోతాయి. పాత ఫైల్ .డీపీకేజీ-ఓల్డ్ అనే తోకతో మిగులుతుంది, కాబట్టి మీరు ‘యస్’ పైప్ నడిపిన సర్వర్లలో ఆ తోక ఉన్న ఫైళ్లు /ఈటీసీ కింద ఏమైనా ఉన్నాయేమో ఈరోజే వెతకండి. మీ 141 కూడా ఆ పైప్ పుణ్యమే: ఆప్ట్-గెట్ పని ముగించి వెళ్లిపోయాక ‘యస్’ ఇంకా రాయబోయి సిగ్‌పైప్ అనే 13వ సిగ్నల్ తగిలి చచ్చింది. అలా చచ్చినప్పుడు కోడ్ అంటే 128కి సిగ్నల్ నంబర్ కలపడమే, 128కి 13 కలిపితే 141. పైప్‌లో ఏ ఒక్కటి పడినా ఫెయిల్ అనే పైప్‌ఫెయిల్ పెట్టారు కనక స్క్రిప్టు దాన్ని ఫెయిల్యూర్‌గా తీసుకుంది. పైప్‌ఫెయిల్‌ని ఉంచండి, ‘యస్’ని తీసేయండి.

డీపీకేజీకి జవాబు ఇలా చెప్పాలి:

-ఓ డీపీకేజీ::ఆప్షన్స్::=--ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్ -ఓ డీపీకేజీ::ఆప్షన్స్::=--ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్

మొదటిది, డిఫాల్ట్ చర్య ఉంటే అదే తీసుకో అంటుంది. రెండోది, డిఫాల్ట్ లేకపోతే నా పాత ఫైలే ఉంచు అంటుంది. ప్యాకేజీ తెచ్చిన కొత్త ఫైల్ .డీపీకేజీ-డిస్ట్ తోకతో పక్కన కూర్చుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ సెట్టింగుల ఫైల్ లాంటివి కొన్నిటిని డీపీకేజీ కాకుండా యూసీఎఫ్ అనే ఇంకో ప్రోగ్రాం చూసుకుంటుంది, అది డెబ్‌కాన్ఫ్ ద్వారా అడుగుతుంది కాబట్టి నాన్‌ఇంటరాక్టివ్‌లో పాతదాన్నే ఉంచేస్తుంది. పాత ఫైల్ ఉంచితే భద్రం అని మాత్రం ధీమా పడొద్దు. కొత్త వెర్షన్‌లో తీసేసిన ఆప్షన్ మీ పాత ఫైల్‌లో ఉంటే సర్వీస్ లేవదు. అప్‌గ్రేడ్ అయ్యాక, రీస్టార్ట్‌కి ముందు, ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ, ఎన్‌జిన్‌ఎక్స్ -టీ లాంటి, సెట్టింగుల్లో తప్పులు పట్టే పరీక్షలు స్క్రిప్టులో పెట్టండి. ఎస్‌ఎస్‌హెచ్ విషయంలో దీన్ని మానేస్తే మీరే ఆ సర్వర్ బయట ఉండిపోతారు.

నీడ్‌రీస్టార్ట్ గురించి క్లుప్తంగా. ఉబుంటు 22.04 సర్వర్‌లో ఇది ముందే ఉంటుంది. లైబ్రరీలు మారాక ఏ సర్వీసులు పాతవాటినే పట్టుకుని ఉన్నాయో చూసి, ఏవి రీస్టార్ట్ చేయాలని అడుగుతుంది. నీడ్‌రీస్టార్ట్_మోడ్ వేరియబుల్‌కి ‘ఏ’ ఇస్తే తనే రీస్టార్ట్ చేస్తుంది, ‘ఎల్’ ఇస్తే జాబితా చూపించి ఊరుకుంటుంది. వెబ్ సర్వర్లకి ‘ఏ’, డేటాబేస్ ఉన్నవాటికి ‘ఎల్’ ఇవ్వడం నా అలవాటు. పనివేళల్లో డేటాబేస్ తనంతట తాను రీస్టార్ట్ అవ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇక స్టాండర్డ్ ఇన్‌పుట్, అంటే ప్రోగ్రాం తనకి వచ్చేది చదువుకునే దారి. దీనివల్ల నేను దెబ్బతిన్నాను కనక కాస్త వివరంగా చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక కంపెనీలో ఎనిమిది సర్వర్లు సిద్ధం చేయాల్సి వచ్చింది. స్క్రిప్టు ఫైల్‌ని ఎస్‌ఎస్‌హెచ్‌కి ఇన్‌పుట్‌గా ఇచ్చి, అవతల బాష్ -ఎస్ నడిపాను. మొదటి సగం ప్యాకేజీలు, రెండో సగం ఫైర్‌వాల్ రూల్స్. అన్ని సర్వర్లూ ఎగ్జిట్ కోడ్ 0 ఇచ్చాయి, పని అయిపోయిందని రిపోర్ట్ పంపాను. నాలుగు రోజుల తర్వాత ఒక సహోద్యోగి పోర్టులు స్కాన్ చేస్తే మూడు సర్వర్లలో అన్నీ తెరిచే ఉన్నాయి. ఫైర్‌వాల్ లైన్లు అక్కడ నడవనే లేదు.

జరిగింది ఏమిటంటే, బాష్ స్క్రిప్టుని స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి ఒక్కో లైన్ చదువుతూ నడుపుతోంది. అది నడిపే ప్రతి కమాండ్‌కీ అదే ఇన్‌పుట్ వారసత్వంగా వస్తుంది. ఆ మూడు సర్వర్లలో ఒక ప్యాకేజీ లోపలి స్క్రిప్టు ఇన్‌పుట్ చదివింది. చదివింది ఏమిటి? నా మిగతా స్క్రిప్టే. ఫైర్‌వాల్ లైన్లన్నీ దాని కడుపులోకి పోయాయి. బాష్ తిరిగి చూసుకుంటే చదవడానికి ఏమీ మిగల్లేదు, చివరి కమాండ్ విజయవంతం కాబట్టి 0 ఇచ్చి ముగించింది. ఎర్రర్ మెసేజ్ లేదు, లాగ్‌లో తేడా లేదు. అప్పుడు ఆ మూడు సర్వర్లలోకి ఎవరూ చొరబడలేదు. ఆ నాలుగు రోజుల్లో చొరబడి ఉంటే అన్న ఆలోచన మాత్రం నన్ను చాలాకాలం వదల్లేదు.

అప్పట్నించీ మూడు పనులు తప్పకుండా చేస్తాను. స్క్రిప్టుని ఎస్‌సీపీతో అవతలికి కాపీ చేసి అక్కడ ఫైల్‌గా నడుపుతాను. ప్యాకేజీ కమాండ్లన్నిటికీ ఇన్‌పుట్‌గా ఎప్పుడూ ఖాళీగా ఉండే /డెవ్/నల్ ఇస్తాను. మొత్తం స్క్రిప్టుని మెయిన్ అనే ఒక ఫంక్షన్‌లో పెట్టి చివరి లైన్‌లో దాన్ని పిలుస్తాను. ఫంక్షన్ అయితే బాష్ దాన్ని చివరిదాకా చదివాకే నడపడం మొదలుపెడుతుంది, మధ్యలో ఎవరూ మింగడానికి ఉండదు. కర్ల్‌తో దింపి నేరుగా బాష్‌కి పైప్ చేసే ఇన్‌స్టాలర్లకీ ఇదే రక్షణ. మీ బయటి లూప్‌కీ ఇదే జబ్బు రావచ్చు. సర్వర్ల జాబితా ఫైల్‌ని వైల్-రీడ్‌తో ఒక్కో లైన్ చదువుతూ లోపల ఎస్‌ఎస్‌హెచ్ పిలిచారనుకోండి. ఎస్‌ఎస్‌హెచ్ మిగతా జాబితాని మింగేస్తుంది, లూప్ మొదటి సర్వర్‌తోనే ముగుస్తుంది. -టీ తీసేశాక కూడా ఇది ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి -ఎన్ ఇవ్వండి.

లాక్ సమస్య మీకు ఇంకా రాలేదేమో, కొత్తగా లేచిన క్లౌడ్ మెషీన్ల మీద నడిపితే తప్పకుండా వస్తుంది. సర్వర్ బూట్ అవ్వగానే ఉబుంటు తన రోజువారీ అప్‌డేట్ తాను మొదలుపెడుతుంది. అదే సమయానికి మీ స్క్రిప్టు వెళ్తే /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్ దొరకలేదని పడిపోతుంది. ఆ లాక్ ఫైల్‌ని డిలీట్ చేయమని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల మాట వినకండి. ఇద్దరు ఒకేసారి ప్యాకేజీ డేటాబేస్‌లో రాస్తే ఆ మెషీన్‌ని బాగుచేయడం కన్నా కొత్తది పెట్టుకోవడం సులువు. ఉబుంటు 20.04 నుంచి ఆప్ట్‌కి ఎదురుచూడటం వచ్చు: -ఓ డీపీకేజీ::లాక్::టైమౌట్=300 ఇస్తే ఐదు నిమిషాలు ఆగి చూస్తుంది. క్లౌడ్ ఇమేజ్ అయితే దానికన్నా ముందు క్లౌడ్-ఇనిట్ స్టేటస్ --వెయిట్ నడపండి, మెషీన్ తొలి సెటప్ ముగిసేదాకా అది ఆగుతుంది.

-వై పక్కన నేను ఎప్పుడూ పెట్టేది --నో-రిమూవ్. డిపెండెన్సీల మెలికలో ఒక్కోసారి ఆప్ట్ “ఇది ఎక్కించాలంటే ఆ నాలుగూ తీసేయాలి” అని లెక్క వేస్తుంది, -వై దానికి కూడా సరే అనేస్తుంది. --నో-రిమూవ్ ఉంటే ఏదైనా తీసేయాల్సి వచ్చినప్పుడు పని ఆపేసి ఎర్రర్ ఇస్తుంది. పాత బ్లాగుల్లో కనిపించే --ఫోర్స్-యస్ జోలికి పోకండి, అది సంతకాల తనిఖీని కూడా దాటవేయిస్తుంది. ఇంకొకటి, స్క్రిప్టుల్లో ఆప్ట్ కాకుండా ఆప్ట్-గెట్ వాడుతున్నారు, మంచిదే. ఆప్ట్ కమాండ్‌ని స్క్రిప్టులో వాడితే తన ఇంటర్‌ఫేస్ స్థిరం కాదని అదే హెచ్చరిస్తుంది.

ఎగ్జిట్ కోడ్‌ల దగ్గర రెండు గోతులున్నాయి. ఆప్ట్-గెట్ అప్‌డేట్‌లో కొన్ని ఇండెక్స్ ఫైళ్లు దిగకపోయినా, పాతవే వాడుతున్నానని ఒక వార్నింగ్ ఇచ్చి 0 తోనే ముగుస్తుంది. ఆ తర్వాత ఇన్‌స్టాల్ పాత వెర్షన్ ఎక్కిస్తుంది, లేదా ఫైల్ దొరకలేదంటుంది. 22.04లో ఉన్న ఆప్ట్‌లో అప్‌డేట్‌కి --ఎర్రర్-ఆన్=ఎనీ ఇవ్వవచ్చు, ఏది దిగకపోయినా ఫెయిల్ అవుతుంది. దానికి తోడు -ఓ ఎక్వైర్::రీట్రైస్=3 పెట్టండి, నెట్‌వర్క్ ఒక్కసారి తడబడినందుకే మొత్తం పడిపోకుండా. రెండో గొయ్యి రెడ్ హ్యాట్ వైపు ఉంది: అక్కడ ఆప్ట్-గెట్ పని చేసే డీఎన్‌ఎఫ్‌లో చెక్-అప్‌డేట్ కమాండ్, అప్‌డేట్లు ఉన్నప్పుడు 100 ఇస్తుంది, అది ఎర్రర్ కాదు. ఎర్రర్ వస్తే ఆపేసే సెట్ -ఈ పెట్టిన స్క్రిప్టు అక్కడ కారణం లేకుండా చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. ఆప్ట్-గెట్‌లో మాత్రం 100 అంటే నిజమైన ఎర్రరే.

మీరు చివర్లో రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన రాకీ లైనక్స్ మెషీన్లు కూడా రెండు ఉన్నాయన్నారు. అక్కడ పని తేలిక. అక్కడి ఆర్‌పీఎం రకం ప్యాకేజీలు ఇన్‌స్టాల్ మధ్యలో యూజర్‌ని ప్రశ్నలు అడగకూడదన్నది మొదట్నించీ ఉన్న పద్ధతి, డీఎన్‌ఎఫ్ -వై దాదాపు సరిపోతుంది. మీరు మార్చిన కాన్ఫిగరేషన్ ఫైళ్ల విషయంలోనూ అడగదు: ప్యాకేజీ ఎలా తయారైందన్నదాన్ని బట్టి కొత్తది .ఆర్‌పీఎం‌న్యూ తోకతో పక్కన ఉంటుంది, లేదా మీ పాతది .ఆర్‌పీఎం‌సేవ్‌గా మారుతుంది. ఈ రెండోదే చూసుకోవాల్సింది. -వై రిపాజిటరీ తాళంచెవిని కూడా అడగకుండా ఒప్పేసుకుంటుంది కాబట్టి ఏ రిపాజిటరీ చేరుస్తున్నారో ముందే సరిచూసుకోండి.

ప్యాకేజీ రూపంలో రాని, లైసెన్స్ పేజీలు తిప్పిస్తూ ప్రశ్నలు అడిగే ఇన్‌స్టాలర్లు తగిలితే ముందు --హెల్ప్ ఇచ్చి చూడండి, సైలెంట్ మోడ్ గానీ జవాబుల ఫైల్ గానీ చాలావాటికి ఉంటుంది. ఏదీ లేకపోతేనే, ప్రశ్న కనిపించగానే జవాబు టైప్ చేసే ఎక్స్‌పెక్ట్ వాడండి. ప్రశ్న వాక్యం ఒక్క అక్షరం మారినా అది తప్పుతుంది కనక, టైమౌట్ అయితే ఫెయిల్ అయ్యేలా రాయడం మరవకండి.

ఇవన్నీ పెట్టాక పన్నెండు సర్వర్ల మీద ఒకేసారి నడపకండి. ఉబుంటు 22.04 కొత్త వర్చువల్ మెషీన్ ఒకటి లేపి, ఒక కాన్ఫిగరేషన్ ఫైల్‌ని కావాలనే మార్చి, ఇన్‌పుట్‌గా /డెవ్/నల్ ఇచ్చి స్క్రిప్టుని టైమౌట్ కమాండ్ కింద పదిహేను నిమిషాల గడువుతో నడపండి. గడువు దాటితే అది 124 ఇస్తుంది, అంటే ఇంకా ఎవరో అడుగుతున్నారు, మళ్లీ ప్రాసెస్‌ల చెట్టు చూడండి. 0 వస్తే అదే మెషీన్ మీద రెండోసారి నడపండి, అప్పుడూ 0 రావాలి. తర్వాత /ఈటీసీ కింద .డీపీకేజీ-డిస్ట్, .యూసీఎఫ్-డిస్ట్ తోకలున్న ఫైళ్లు వెతికి, మీ పాతవాటితో డిఫ్ చేసి చూసుకోండి. ఆ డిఫ్‌లో అర్థం కాని తేడా ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టండి, చూస్తాను.